కొల్లేటి గుల్లలు పాత వానల లెక్క చెబుతాయా?

అడిగింది గుంటూరులో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్న అమ్మాయి. వాళ్ల మేనమామగారికి కొల్లేరు పక్కన చేపల చెరువు ఉందట. ఎండల్లో పొక్లెయిన్ పెట్టి చెరువు లోతు చేయిస్తుంటే ఆరడుగుల కింద నల్లమట్టిలో తెల్లటి నత్త గుల్లల పొర బయటపడింది. ఒక సంచి నిండా ఏరి తెచ్చుకున్నారు. వీటికి ఆక్సిజన్ ఐసోటోప్ పరీక్ష చేయిస్తే వెయ్యేళ్ల కిందట మన దగ్గర వానలు ఎలా పడ్డాయో చెప్పొచ్చా, ఎన్ని గుల్లలు పంపాలి, ఎక్కడికి పంపాలి అన్నవి ప్రశ్నలు.

ముప్ఫై ఏళ్లు ఈ పనే చేసి ఇప్పుడు బెజవాడలో ఖాళీగా కూర్చున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గుల్ల వాన సంగతి చెప్పదమ్మా. తను బతికిన నీళ్ల సంగతి చెబుతుంది. వాన ఆకాశం నుంచి పడి ఆ నత్త దాకా చేరేలోపు దానికి ఏమేం జరిగిందో కనుక్కునే పని మనది. కొన్ని సరస్సుల్లో ఆ పని సులువు. కొల్లేరులో అదే అసలు తలనొప్పి.

ముందు ఈ ఐసోటోపుల గొడవేమిటో చూద్దాం. ఆక్సిజన్‌లో 16, 17, 18 అని మూడు స్థిరమైన రకాలున్నాయి. నూటికి 99.76 పాళ్లు 16దే. 18 వాటా 0.2 మాత్రమే. మూడూ చేసే రసాయనం ఒకటే, తేడా బరువులోనే. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు 16 ఉన్న అణువు కాస్త సులువుగా లేస్తుంది, 18 ఉన్నది కాస్త మొరాయిస్తుంది. కళ్లంలో తూర్పారబట్టడం ఎప్పుడైనా చూశారా? హార్వెస్టర్లు వచ్చాక పుట్టినవాళ్లు కాబట్టి చూసి ఉండరు, మీ మేనమామగారిని అడగండి. చేటతో ఎత్తి పోస్తే గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలికి పోతుంది. ఇక్కడ జరిగేదీ తూర్పారే. కాకపోతే గింజకీ తాలుకీ మధ్య బరువు తేడా బొత్తిగా తక్కువ కాబట్టి ఒక్క విసురుకి విడిపోవు. లక్షల విసుర్లు కావాలి. ఎండాకాలమంతా ఎండే చెరువు ఆ విసుర్లు విసురుతూనే ఉంటుంది. అందుకే ఎండి కుంచించుకుపోయిన చెరువులో మిగిలిన నీళ్లు 18 విషయంలో బరువెక్కుతాయి.

మేఘంలో ఇదే తిరగబడుతుంది. ఆవిరి చినుకుగా మారేటప్పుడు బరువైనవి ముందు రాలిపోతాయి. మేఘం కురుస్తూ పోయే కొద్దీ మిగిలిన ఆవిరి తేలికవుతుంది. ఎక్కువ కురిసిన చోట వాన నీళ్లు తేలికగా ఉంటాయన్న సంగతిని డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1964లో ప్రపంచవ్యాప్త కొలతలతో చూపించాడు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని మన విద్యార్థులు ‘గుల్ల తేలికైతే వాన ఎక్కువ, బరువైతే కరువు’ అని రాసేస్తారు. మన దేశంలో చాలా చోట్ల ఈ సంబంధం పాఠ్యపుస్తకంలో ఉన్నంత గట్టిగా ఉండదు. పైగా మన కోస్తాకి రెండు వానకాలాలు. నైరుతి వానకంటే అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య వాన తేలిక. తుఫాను వాన మరీ తేలిక. అంటే మొత్తం వాన పెరక్కపోయినా, తుఫాన్ల వాటా పెరిగితే చాలు, గుల్లలో అంకె కిందికి దిగొచ్చు. దాన్ని ‘నైరుతి బలపడింది’ అని చదివితే తప్పులో కాలేసినట్టే.

ఇక కొలత సంగతి. ఈ తేడాలు అతి చిన్నవి కాబట్టి నూటికి ఇంత అని కాక వెయ్యికి ఇంత అని రాస్తారు. దాన్నే డెల్టా విలువ అంటాం. సముద్రపు నీళ్లలో 10 లక్షల ఆక్సిజన్ పరమాణువులు తీసుకుంటే వాటిలో 18 రకానివి సుమారు 2000 ఉంటాయి. డెల్టా 4 పెరిగిందంటే ఆ 2000 కాస్తా 2008 అయిందని అర్థం. అంతే! ఆ ఎనిమిదింటి మీదే మా వృత్తి నడుస్తుంది. గుల్లలకి కొలబద్ద పీడీబీ. అమెరికాలో దక్షిణ కెరొలినా రాష్ట్రపు పీడీ రాతిపొరల్లో దొరికిన బెలెమ్నైట్ అనే శిలాజం పొడి అది. ఆ పొడి ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు దాని స్థానంలో వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్లు నిర్ణయించిన వీపీడీబీ వాడుతున్నాం. నీళ్లకి కొలబద్ద వేరు, అది సగటు సముద్రపు నీరు. ఒకే వస్తువు అంకె ఈ రెండు కొలబద్దల్లో దాదాపు 30 తేడాతో వస్తుంది. ఏ కొలబద్దలో ఉందో చూసుకోకుండా రెండు పేపర్లలోని అంకెలు ఒకే గ్రాఫులో పెట్టిన థీసిస్‌లు నా చేతిలోకే రెండు మూడు వచ్చాయి. మీరు ఆ పని చేయొద్దు.

నత్త గుల్ల కట్టుకునేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ని కాల్షియం కార్బొనేట్‌లో కలుపుకుంటుంది. ఎంత 18 కలుస్తుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: నీళ్లలో ఎంత ఉంది, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి. వేడి పెరిగే కొద్దీ గుల్లలో 18 తగ్గుతుంది, సుమారు 4 డిగ్రీలకి ఒక డెల్టా చొప్పున. అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1947లో ఈ లెక్కకి పునాది వేసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఉష్ణోగ్రతే, పాత సముద్రాల జ్వరం చూసే థర్మామీటర్ అనుకున్నాడు. సముద్రం విషయంలో ఆ ఆశ చాలావరకు నెరవేరింది. ఉష్ణమండలపు సరస్సుల్లో మాత్రం నీళ్ల మార్పు ముందు వేడి మార్పు వెలవెలబోతుంది.

దీనికి మీ ప్రశ్నకి దగ్గరి చుట్టంలాంటి ఉదాహరణ ఉంది. హర్యానాలో కోట్లా దహర్ అని ఒక పాత సరస్సు. యమా దీక్షిత్, డేవిడ్ హోడెల్, కామెరన్ పెట్రీ 2014లో ప్రచురించిన పని ఇది. వాళ్లు వాడింది మెలనాయిడ్స్ ట్యూబర్‌క్యులేటా అనే నత్త. పొడవుగా, మొనదేలి, మెలితిరిగి ఉంటుంది. మన కాలవల్లోనూ కనిపిస్తుంది, మీ సంచిలో కూడా ఉండే అవకాశం బాగానే ఉంది. 4100 ఏళ్ల కిందట ఆ గుల్లల్లో ఆక్సిజన్ డెల్టా 4 పెరిగింది. ఇది చలి వల్ల వచ్చిందనుకుంటే నీళ్లు 16, 17 డిగ్రీలు చల్లబడి ఉండాలి. హర్యానాలో నాలుగు వేల ఏళ్ల కిందట అంత చలి లేదు. కాబట్టి మారింది నీళ్లే. రావలసిన వాన తగ్గింది, పోయే ఆవిరి పోతూనే ఉంది. సింధు నాగరికత నగరాలు సద్దుమణిగిన కాలం కూడా దగ్గర్లోనే ఉండడంతో ఈ పనికి మంచి పేరొచ్చింది.

అక్కడ అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగారు? కోట్లా దహర్ మూతబడిన గిన్నె. వచ్చిన నీళ్లు బయటికి పోయే ఏరు లేదు, పోతే ఆవిరిగానే పోవాలి. మహారాష్ట్రలోని లోనార్ కూడా అంతే. ఉల్క పడి ఏర్పడ్డ గుంట, 2020లో గులాబీ రంగుకి తిరిగిందని టీవీల్లో చూసి ఉంటారు. అక్కడి కోర్లలో, అంటే అడుగు మట్టిలో గొట్టం దించి నిలువుగా తీసిన పొరల్లో, కరువు కాలాల్లో గేలుసైట్ అనే ఉప్పు ఖనిజపు స్ఫటికాలు పేరుకున్నాయి. నీళ్లు బాగా చిక్కబడితే తప్ప ఏర్పడని ఖనిజం అది. ఐసోటోపు ఒక మాట చెబితే స్ఫటికం వత్తాసు పలికింది. సాక్షులు ఇద్దరుంటే ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు మన కొల్లేరుకి రండి. ఇది మూతబడిన గిన్నె కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పైనుంచి దిగుతాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. నీళ్లు నిలవ ఉండే కాలం తక్కువ కాబట్టి ఆవిరి ముద్ర అంత బలంగా పడదు. వానాకాలం నీళ్లు వచ్చి కడిగేస్తాయి, ఎండాకాలం మళ్లీ ఎండుతుంది. ఉప్పుటేరు పేరులోనే ఉంది కదా, ఎండల్లో పైనుంచి ప్రవాహం తగ్గితే పోటు నీళ్లు అదే దారిన వెనక్కి ఎక్కుతాయి. ఇంకా వెనక్కి, వేల ఏళ్లు పోతే, కొల్లేరు సముద్రాన్ని ఆనుకున్న ఉప్పు కయ్యే. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండు పక్కలా ముందుకి పెరిగి దీన్ని లోపలికి నెట్టేశాయి. డెల్టాలో పాత తీరం గుర్తులుగా ఇసుక దిబ్బల వరసలు ఇప్పటికీ ఉన్నాయి.

దీనివల్ల మీ గుల్లలకి వచ్చే చిక్కేమిటంటే, సముద్రపు నీళ్ల డెల్టా సున్నా దగ్గర, మన వాన నీళ్లది దానికి కింద. గుల్లలో అంకె పైకి పోయిందనుకోండి. కరువొచ్చి చెరువు ఎండిందా, సముద్రం లోపలికి వచ్చిందా? ఆక్సిజన్ ఒక్కటే చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పోనీ మెలనాయిడ్స్ ఉంది కదా మంచినీళ్లే అందామా అంటే, ఆ నత్త కొంత ఉప్పు నీళ్లని కూడా తట్టుకుంటుంది. మొండి ఘటం.

ఇక్కడే స్ట్రాన్షియం పనికొస్తుంది. నీళ్లలోంచి కాల్షియంతో పాటు గుల్లలోకి చేరే మూలకం అది. ఇవాళ ప్రపంచంలో ఏ సముద్రంలో చూసినా స్ట్రాన్షియం 87కీ 86కీ నిష్పత్తి 0.7092. తూర్పు కనుమల పాత రాళ్లని కడుక్కుంటూ వచ్చే వాగుల్లో అది అంతకంటే ఎక్కువ. ఆవిరవడం వల్ల ఈ నిష్పత్తి మారదు. చెరువు సగానికి ఎండినా అదే అంకె. కాబట్టి ఆక్సిజన్ పైకి పోయి స్ట్రాన్షియం కదలకపోతే ఎండింది, ఆక్సిజన్ పైకి పోయి స్ట్రాన్షియం 0.7092 వైపు జరిగితే సముద్రం వచ్చింది. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం వాగు నీళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి కొంచెం పోటు నీళ్లు కలిసినా పట్టేస్తుంది. ఖరీదైన పరీక్ష, అన్ని గుల్లలకీ అక్కర్లేదు, పొరకి ఒకటి చాలు.

ఇంకో మెలిక కూడా ఉంది, దీన్ని చాలామంది తలుచుకోరు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజీ. అప్పటినుంచి కాలవలొచ్చాయి, వరి చేలొచ్చాయి, చేల మురుగు నీళ్లు డ్రెయిన్ల ద్వారా కొల్లేరులోకి చేరాయి. ఆ నీళ్లెక్కడివి? మహాబలేశ్వరం కొండల మీద పడ్డ వాన! అంటే పై పొరల్లో ఉన్న నత్త చుట్టుపక్కల వానని మాత్రమే కాదు, పశ్చిమ కనుమల వానని కూడా కలుపుకుని తాగింది. ఆనకట్ట ముందు పొరలనీ తర్వాత పొరలనీ ఒకే గీతలో కలిపి ‘వాన మారింది’ అంటే, మారింది వాన కాదు, కాటన్ దొర కాలవలు.

మరి పొరల వయసు? మీరు గుల్లలు సంచిలో ఏరి తెచ్చారు కదా. నొచ్చుకోకండి, ఆ సంచికి వయసు లేదు. పొక్లెయిన్ బకెట్ ఒక్కసారి తవ్వితే మూడు నాలుగు అడుగుల మట్టి ఒక్కటైపోతుంది. అందులో ఎన్ని వందల ఏళ్లు కలిసిపోయాయో ఎవరికి తెలుసు? సంచిలో పైన ఉన్న గుల్ల మీ తాతగారి కాలానిది, కింద ఉన్నది రాయల కాలానిది కావచ్చు.

గుల్లకే రేడియోకార్బన్ చేయిస్తే సరిపోదా అంటారు. చేయించొచ్చు, కానీ జాగ్రత్త. వయసు లెక్కకి వాడే కార్బన్-14 అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5730 ఏళ్లు. కోట్ల ఏళ్ల సున్నపురాయిలో అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. పిడుగురాళ్ల వైపు వెళ్లినప్పుడు సున్నపు బట్టీలు చూశారుగా, ఆ పల్నాటి సున్నపురాళ్ల మీద నుంచే కృష్ణ వస్తుంది. ఆ రాళ్లనుంచి కరిగిన కార్బన్ నీళ్లలో ఉంటే నత్త దాన్నీ గుల్లలో కలుపుకుంటుంది. గుల్ల కార్బన్‌లో నూటికి 10 పాళ్లు అలాంటి చచ్చిన కార్బన్ అయితే నిన్న చచ్చిన నత్త కూడా సుమారు 850 ఏళ్ల ముసలిదని రిపోర్టు వస్తుంది. పోటు నీళ్లు కలిసి ఉంటే సముద్రపు కార్బన్ సవరణ వేరే. అందుకని అదే పొరలో ఒక గింజో, ఆకో, పుల్లో దొరికితే దానికి డేటింగ్ చేయించడం నూరు రెట్లు మేలు. ఆకు కార్బన్ గాలిలోంచి తీసుకుంటుంది, సున్నపురాయితో దానికి పనిలేదు.

పైన ఉన్న మీటరులోపు పొరలకి సీసం-210 ఉంది. అర్ధాయువు 22 ఏళ్ల చిల్లర, నూరు నూటపాతికేళ్ల దాకా లెక్క తేలుతుంది. సీజియం-137 ఇంకో గుర్తు. వాతావరణంలో అణుబాంబు పరీక్షల వల్ల 1963 దగ్గర శిఖరంలా కనిపిస్తుంది. మీ చోట ఏడాదికి 2 మిల్లీమీటర్లు పూడిక పడుతోందనుకుంటే ఆ శిఖరం పన్నెండు సెంటీమీటర్ల లోతున కనిపించాలి. కానీ చేపల చెరువులో ఈ రెండూ దాదాపు పనికిరావు. కొల్లేరులో చెరువుల కోసం పొక్లెయిన్ తిరగని చోటు వెతుక్కోవాలి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ మట్టి మళ్లీ చెదిరింది. మధ్యలో, గట్ల జాడ లేని చోట కోర్ తీయాలంటే అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల కూడా. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, నెలలు పడుతుంది. మీ ప్రాజెక్టు గడువు చూసుకోండి.

పూడిక అనగానే ఒక సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకి గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చిన్నమ్మ వాళ్ల ఇల్లు కూడా మునిగింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.4 లక్షల క్యూసెక్కులు. నీళ్లు తీశాక ఇల్లు కడగడానికి వెళ్లాం. ఫ్రిజ్ జరిపితే దాని వెనక మూల బురద చెదరకుండా ఎండి పెచ్చు కట్టింది, రెండు వేళ్ల మందం. మా వాళ్లు చీపురుతో ఊడ్చేస్తుంటే నేను ఆపి కత్తితో కోసి తీశాను. చిన్నమ్మ నన్ను చూసిన చూపు మీకు వర్ణించలేను. అడుగున గరగరలాడే సన్న ఇసుక, పైకి వచ్చే కొద్దీ మెత్తన, అన్నిటికంటే పైన గోటితో గీస్తే మెరిసే నున్నటి బంకమట్టి. వరద ఉధృతంగా ఉన్నప్పుడు ఇసుక, నిలిచిపోయాక బంక. కొల్లేరు కోర్‌లో ఇలాంటి జంట పొర కనిపిస్తే అక్కడ మీ చెయ్యి ఆగాలి. అది ఏళ్ల తరబడి పడిన పూడిక కాదు, రెండు మూడు రోజుల్లో పడింది. లోతుని వయసుగా మార్చేటప్పుడు దాని మందం తీసేసి లెక్కేయాలి. గుల్లలు అందులో ఉంటే అవి పైనెక్కడి నుంచో కొట్టుకొచ్చినవి కావచ్చు, లెక్కలోకి తీసుకోవద్దు. ఆ పెచ్చు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

గుల్లలు సరే, ఆ నల్లమట్టిని పారేశారా? నా దృష్టిలో మీ చెరువులో అసలు ఆస్తి అదే. నలుపంటే కుళ్లిన ఆకూ అలమూ. అందులోని కార్బన్-13 ఏ మొక్కలు పెరిగాయో చెబుతుంది. వరి, పత్తి, మిరప, కంది, మడ చెట్లు ఒక జాతి, వాటి డెల్టా మైనస్ 27 దగ్గర. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, మెట్ట గడ్డి ఇంకో జాతి, వాటిది మైనస్ 13 దగ్గర. వాన తగ్గి అడవి పలచబడి గడ్డి పెరిగితే అంకె పైకి జరుగుతుంది. గోదావరి ముఖద్వారం ఎదురుగా సముద్రంలో 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచుగడ్డలా బిగుసుకున్న గ్యాస్) కోసం తవ్వినప్పుడు తీసిన ఒక కోర్ మీద కామిలో పాంటన్, లివియు జ్యోసాన్ బృందం 2012లో ఇదే చేసింది. గోదావరి మోసుకొచ్చిన ఆకుల మీది మైనాన్ని విడదీసి కార్బన్ కొలిచారు. 4000 ఏళ్ల కిందటినుంచి 1700 ఏళ్ల కిందటి దాకా మెట్ట మొక్కల వాటా పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత అలాగే ఉండిపోయింది. దక్కను ఎండిపోతూ వచ్చిందన్నమాట. మీ మట్టి అంకెలని పోల్చడానికి ఇంతకంటే దగ్గరి కొలత దొరకదు.

ఇందులోనూ ఉచ్చులున్నాయి. చెరువు పాచి అంకె చాలాసార్లు వరి గడ్డి అంకెలాగే ఉంటుంది. దాన్ని విడదీయడానికి కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి చూస్తాం. పాచి అయితే 4 నుంచి 10, నేల మొక్క అయితే 20 పైన. కానీ కొల్లేరు నిండా గుర్రపుడెక్క ఉంది. అది నీళ్లలో తేలినా దాని లెక్క నేల మొక్కదే, కాబట్టి పై పొరల్లో ఆ నిష్పత్తిని చూసి ‘అడవి ఆకులు కొట్టుకొచ్చాయి’ అనేయకండి. నైట్రోజన్-15 కూడా కొలిపించండి, అదనపు శ్రమ లేదు. ఎరువుల యూరియా సున్నా దగ్గర, ఊరి మురుగు, పెంట 10 చుట్టుపక్కల. చేపల చెరువులు వచ్చిన కాలం పొరల్లో కనిపిస్తుంది. కానీ నైట్రోజన్ కోసం పెట్టే మట్టిని ఆసిడ్‌తో కడగొద్దు, కార్బన్ కోసం పెట్టేదాన్ని తప్పక కడగాలి, లేకపోతే గుల్ల పొడి కార్బన్ కలుస్తుంది. ఒకే సీసాలో రెండు పనులూ కానివ్వకండి. చేపల చెరువులో సున్నం చల్లుతారు కాబట్టి పైమట్టిలోని కార్బొనేట్‌ని మొత్తంగా కొలిచి దానికి వాతావరణం పేరు పెట్టడం కూడా కుదరదు, అది పిడుగురాళ్ల బట్టీ వాతావరణం అవుతుంది.

నా సొంత తప్పు ఒకటి చెప్పేస్తాను. ఒకసారి మే నెలలో కొల్లేరు చుట్టూ తిరిగి నీళ్ల శాంపిళ్లు ఇరవై పట్టాను. సీసాలు చాలక కొన్ని మామూలు మంచినీళ్ల బాటిళ్లలో సగం సగం పోసి, మూతలు ఏదో తిప్పాననిపించి, కారు వెనక డిక్కీలో పడేశాను. బెజవాడ ఎండ గురించి చెప్పేదేముంది, రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి. ల్యాబుకి చేరేసరికి నెలన్నర. ఫలితాలు చూసి ‘కొల్లేరు నీళ్లు ఇంత ఆవిరవుతున్నాయా’ అని పొంగిపోయి సగం పేపరు రాసేశాను కూడా. తర్వాత హైడ్రోజన్ డెల్టాని ఆక్సిజన్ డెల్టాతో పెట్టి గీసి చూస్తే, నిండా పోసిన సీసాలు ఒక దారిలో, సగం బాటిళ్లు ఇంకో దారిలో. వాన నీళ్ల గీత వాలు 8 అని క్రెయిగ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1961లో చూపించాడు, ఆవిరైన నీళ్లది 5 దగ్గర. నేను కొలిచింది కొల్లేరుని కాదు, నా కారు డిక్కీని. పేపరు చింపేశాను.

అందుకే గుల్లల కంటే ముందు ఈనాటి నీళ్లు పట్టమంటాను. మీ మేనమామగారి చెరువు, దానికి నీళ్లిచ్చే కాలవ, దగ్గర్లోని డ్రెయిన్, ఉప్పుటేరు, నాలుగు చోట్ల నెలకోసారి, ఏడాది పాటు. గాలి బుడగ లేకుండా నిండా పోసి, మూత బిగించి, చుట్టూ టేపు వేయాలి. గుంటూరులో మీ డాబా మీద వాన నీళ్లు కూడా పట్టండి, ఈశాన్య వానని విడిగా ఉంచండి. అదే చోట బతికున్న నత్తలు పది తీసి వాటి గుల్లలూ కొలిపించండి. ఇవాళ్టి నత్త ఇవాళ్టి నీళ్లని ఎలా రాసుకుంటోందో తెలిస్తేనే పాత నత్త రాత చదవగలం.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది: చెరువులో నీళ్లు పెట్టేలోపు మళ్లీ వెళ్లండి. గుంట గోడని పారతో నిలువుగా, నున్నగా చెక్కించండి. పైన గట్టు మీద మేకు కొట్టి టేపు వేలాడదీసి ఫోటో తీయండి. గట్టు మట్టి పోసినది, అసలు నేల ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టండి. గుల్లల పొరలో రెండేసి సెంటీమీటర్లకి ఒక సంచి, కిందనుంచి పైకి తీయండి, పైనుంచి తీస్తే పైమట్టి కింద పొర మీద రాలుతుంది. ప్రతి సంచిలోంచి ఒకే జాతి నత్తలు, ఒకే సైజువి, కనీసం పది. అన్నీ కలిపి దంచొద్దు, ఒక్కోటీ విడిగా. ఒక్క గుల్లలో మొన నుంచి మూతి దాకా వరసగా గీకి కొలిస్తే ఆ నత్త చూసిన ఎండాకాలం, వానాకాలం కూడా కనిపిస్తాయి. ఒకటి రెండు పెద్దవాటితో ఆ సరదా తీర్చుకోండి. పంపే ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో గుల్ల అరగొనైట్‌గానే ఉందా, కాల్సైట్‌గా మారిందా చూడాలి. రెండూ కాల్షియం కార్బొనేట్ స్ఫటిక రూపాలే, నత్త కట్టుకునేది మొదటిది. మారితే ఆ గుల్ల తన సొంత మాట మరిచిపోయినట్టే, తీసి పక్కన పెట్టండి.

ల్యాబుల విషయానికొస్తే హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ మనకి దగ్గర. అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్‌ఎల్), లక్నోలో బీర్బల్ సహానీ సంస్థ ఉన్నాయి. రేడియోకార్బన్‌కి ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్. మీరు నేరుగా కాదు, మీ గైడ్ చేత ఉత్తరం రాయించండి, ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో పెట్టించండి. ‘వెయ్యేళ్ల వాన’ అని మాత్రం రాయొద్దు. ‘ఈ పొరలో సముద్రపు నీళ్లున్నాయా, వాగు నీళ్లున్నాయా’ అని అడగండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సరిపోయే ప్రశ్న అది, దానికి జవాబు కూడా వస్తుంది.

గోడ చెక్కేటప్పుడు గింజ గానీ పుల్ల గానీ కనిపిస్తే చేత్తో తీయకండి, పట్టకారుతో తీయండి. దూదిలోనో కాగితంలోనో చుట్టొద్దు, అవీ కార్బనే. అల్యూమినియం రేకులో చుట్టి లోతు రాసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. ఫోటోలు పెడితే గుల్ల జాతేమిటో నేను చూసి చెబుతాను.